ఊరకుక్కకు లెక్క ఎక్కడ? : శునకముల కాన్సరు పరిశోధనపై విమర్శ

కాన్సరు మానవునికి మాత్రమే వచ్చు వ్యాధి అని పలువురి తలంపు. కాని పెక్కు కణములతో ఏర్పడిన ఏ జంతువులోనైనను, కణవిభజన అదుపు తప్పినచో, ఈ వ్యాధి రావచ్చును. కుక్కలలో రొమ్ము, ఎముక, చర్మము, మూత్రాశయము, రసగ్రంథులు మొదలగు వానికి వచ్చే కాన్సరులు మానవుల కాన్సరులను చాల పోలి ఉంటాయి. పైగా కుక్క మానవుని వాకిటిలోనే పడుకుంటుంది. అతడు పీల్చే గాలినే పీల్చుతుంది, అతడు త్రాగే నీటినే త్రాగుతుంది. దాని ఆయుర్దాయము మాత్రము స్వల్పము. మానవునిలో ఇరువది ముప్పది ఏండ్లకు గాని తేలని విషయము కుక్కలో కొద్ది ఏండ్లకే తేలిపోతుంది. అందుచేత సుమారు నూట ఏబది ఏండ్లుగా కుక్కల కాన్సరుపై పరిశోధన సాగుచున్నది. ఆ పరిశోధనలో మెచ్చుకొనదగినది చాల ఉన్నది. అయినను దానిని చదివే ఉపాధ్యాయుడు ఒక ప్రశ్న వేయక తప్పదు: ఈ పరిశోధనలు ఏ కుక్కను చూచి చెప్పినవి?

అనంతపురము పీఠభూమిని తీసుకొందాము. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము; ఎఱ్ఱ నేలలు, వేరుసెనగ చేలు, గొఱ్ఱెల మందలు. రాత్రులందు మంద చుట్టు తోడేళ్ళ కాపలాకు కుక్కలుంటాయి. ఊరిలో రచ్చకట్ట వద్ద, హోటలు ముందర, మాంసపు అంగడి వెనుక మరి కొన్ని తిరుగుతుంటాయి. ఇవి ఫలానావారివని చెప్పడానికి లేదు. ఎవరివీ కావనడానికీ లేదు. ఒక యింటివారు సంగటి ముద్ద వేస్తారు, మరొక యింటివారు రాయి వేస్తారు. కరవు సంవత్సరములలో కుటుంబములు బెంగుళూరుకు వలసపోయినపుడు కుక్క ఊరిలోనే మిగులుతుంది. 2019 పశుగణన ప్రకారము మన దేశములో వీధికుక్కలు సుమారు 1 కోటి 53 లక్షలు; 2012 గణనలో ఈ సంఖ్య 1 కోటి 71 లక్షలు. ఇంత పెద్ద జనాభా కాన్సరు శాస్త్ర గ్రంథములలో దాదాపు కనబడదు.

ఇప్పుడు గ్రంథములలో కనబడే అంకెలను చూద్దాము. పత్రికలలో తరచుగా వచ్చు వాక్యము ఒకటున్నది: ప్రతి నాలుగు కుక్కలలో ఒకటి కాన్సరుతో మరణిస్తుందని. దీనికి ఆధారముగా చూపే పరిశోధనలలో ముఖ్యమైనది 1982లో అమెరికాలో బ్రాన్సన్ ప్రచురించినది. చనిపోయిన సుమారు రెండువేల కుక్కల శరీరములను కోసి పరీక్షింపగా, నూటికి 23 కాన్సరు వలన చనిపోయినవని తేలినది. పది సంవత్సరములు దాటిన కుక్కలను మాత్రమే లెక్కించినచో ఆ సంఖ్య నూటికి 45. పరిశోధనలో దోషమేమియు లేదు. కాని కోసి పరీక్షింపబడు భాగ్యము ఏ కుక్కకు కలుగుతుంది? యజమాని ఉండి, అతడు దానిని ఆసుపత్రికి తెచ్చి, మరణ కారణము తెలిసికొనగోరిన కుక్కకే. లారీ క్రింద పడిన కుక్క, పిచ్చి కుక్కయని కొట్టి చంపబడిన కుక్క, పిల్లదశలోనే డిస్టెంపరుతో పోయిన కుక్క ఆ బల్లమీదికి రావు.

దీనికి ప్రక్కన మరియొక పరిశోధనను ఉంచి చూడవలెను. 1963 మొదలు 1966 వరకు కాలిఫోర్నియాలోని ఆలమేడా జిల్లాలో డార్న్ అను శాస్త్రజ్ఞుడు, అతని సహచరులు ఒక పని చేశారు. పశువైద్యుల వద్దకు వచ్చిన కాన్సరు కేసులన్నిటిని ఒక పట్టీలో ఎక్కించారు. అంతటితో ఆగక, ఇండ్లను ఎంపిక చేసి ఇంటింటికి పోయి అసలు ఆ ప్రాంతములో ఎన్ని కుక్కలున్నవో అంచనా కట్టారు. రోగుల సంఖ్యను మొత్తము కుక్కల సంఖ్యచే భాగించగా సంవత్సరమునకు లక్ష కుక్కలలో సుమారు 381 కొత్త కేసులని తేలినది. ఒక కుక్క పండ్రెండేండ్లు బ్రతుకునని అనుకొని స్థూలముగా గుణించితే లక్షకు 4,572; అనగా నూటికి ఐదు కూడ కాదు. ఒకచోట 23, ఒకచోట 5! విద్యార్థి ఇక్కడ తికమక పడడము సహజము.

రెండు అంకెలును నిజమే. మొదటిది చనిపోయిన కుక్కలలో కాన్సరు వాటా. రెండవది బ్రతికియున్న కుక్కలలో ఏటేటా వైద్యుని కంటబడిన కాన్సరు. మొదటి దానిలో ఇతర మరణములు ఎంత తగ్గితే కాన్సరు వాటా అంత పెరుగుతుంది. టీకాలు, మంచి తిండి దొరికిన కుక్క వార్ధక్యము వరకు జీవిస్తుంది, వార్ధక్యము కాన్సరుకు అనువైన కాలము. రెండవ దానిలో వైద్యుని వద్దకు రాని వ్యాధి లెక్కకే రాదు. తేడా ఎక్కడ వచ్చినదో తెలియాలంటే హారములో ఏమున్నదో అడగాలి. లవము ఎంత పెద్దదైనను హారము లేని భిన్నము భిన్నము కాదని ఆరవ తరగతిలోనే చెపుతారు. ఆ సంగతి పత్రికలు మరచినవి. డార్న్ పని గొప్పతనము అతని సూక్ష్మదర్శినిలో లేదు, ఇంటింటికి తిరిగి హారమును సంపాదించడములో ఉన్నది. ఆ తరువాతి అరువది ఏండ్లలో ఎంత ఖరీదైన యంత్రములు వచ్చినను, ఈ నడక పనిని చేసినవారు తక్కువ.

ఆలమేడా పట్టీతో సంబంధము గల శాస్త్రజ్ఞులే 1969లో మరియొక ప్రసిద్ధ పరిశోధన ప్రచురించారు. ష్నైడర్, డార్న్, టేలర్ అనువారు ఆడకుక్కల రొమ్ము కాన్సరును పరిశీలించి, మొదటి ఎదకు ముందే గర్భసంచిని, అండకోశములను తీసివేసిన కుక్కలలో కాన్సరు ప్రమాదము 0.5 శాతమనియు, ఒక ఎద తరువాత తీసిన వానిలో 8 శాతమనియు, రెండు లేక అంతకు మించి ఎదల తరువాత తీసిన వానిలో 26 శాతమనియు చెప్పారు. ఈ మూడు అంకెలు నేటికిని పశువైద్య పుస్తకములలో, ఆసుపత్రి గోడల మీద కనబడుతున్నవి. వీనికి పట్టిన దుర్గతి విచిత్రమైనది. పరిశోధకులు చెప్పినది శస్త్రచికిత్స చేయని కుక్కకు గల ప్రమాదములో ఎన్నవ వంతు అని. చదివినవారు దానిని నూరు కుక్కలలో ఎన్నింటికి వస్తుంది అని అర్థము చేసికొన్నారు. నూరు రూపాయల అప్పులో ఎనిమిది రూపాయలు మిగిలినదనుటకును, నూరుమందిలో ఎనిమిదిమంది అప్పులవారనుటకును గల భేదము అది.

2012లో బ్రిటనులో బోవే, కార్డ్‌వెల్, బ్రాడ్‌బెల్ట్ అను పరిశోధకులు ఈ విషయముపై అంతవరకు వచ్చిన పరిశోధనలన్నిటిని తిరగతోడారు. పనికి వచ్చునవి 13 మాత్రమే దొరికినవి. వానిలో 9 పక్షపాత దోషమునకు ఎక్కువగా లోనైనవి, మిగిలిన నాలుగును కొంత లోనైనవి అని వారు తేల్చారు. శస్త్రచికిత్స రొమ్ము కాన్సరును తగ్గిస్తుందనడానికి గల ఆధారము బలహీనమైనదని వారి నిర్ణయము. తగ్గించదని వారు చెప్పలేదు. స్త్రీ హార్మోనులకు ఈ కాన్సరుకు సంబంధమున్నదని నమ్మడానికి ఇతర కారణములు ఉన్నవి. కాని 43 ఏండ్లు గోడలమీద వ్రేలాడిన అంకెలను ఒకసారి దింపి చూచినవారుండుట శాస్త్రమునకు గౌరవము.

కారణముల పరిశోధనలో కుక్క చేసిన మేలు మరువరానిది. రంగుల కర్మాగారములలో పనిచేసేవారికి మూత్రాశయ కాన్సరు వచ్చుట పందొమ్మిదవ శతాబ్దము చివరనుండి తెలిసినదే; కాని ఎలుకలకు, కుందేళ్ళకు ఆ రసాయనము పెట్టి చూస్తే ఆ వ్యాధి రాలేదు. 1938లో హ్యూపర్, అతని సహచరులు బీటా నాఫ్తైలమీను అను ఆ పదార్థమును కుక్కలకు పెట్టగా మూత్రాశయములో కణుతులు లేచినవి. అనుమానము ఋజువైనది. కార్మికుని ప్రాణమునకు కుక్క ప్రాణము సాక్ష్యమైనది.

తరువాతి కాలములో ప్రయోగశాల వదలి ఇంటి కుక్కను చూడడము మొదలైనది. 1991లో హేస్ అను పరిశోధకుడు, సహచరులు, పచ్చికపై 2,4-డి అను కలుపుమందు చల్లే యిండ్ల కుక్కలలో రసగ్రంథుల కాన్సరు హెచ్చుగా ఉన్నదని ప్రకటించారు. 1999లో కనీన్, మిల్లర్ అనువారు అవే వివరములను మరల లెక్కించి, ఆ సంబంధము నిలువదని చెప్పారు. వివరములు మారలేదు, ఎవరిని మందు తగిలినవారిగా లెక్కించవలెనన్న నిర్వచనము మారినది. ఈ వివాదము వినడానికి బాగున్నది గాని, రాయదుర్గము ప్రాంతపు కుక్కకు ఇంటి ముందర పచ్చిక ఎక్కడిది? అది చేలగట్లమీద, మందు కొట్టిన చేలలో తిరుగుతుంది, కుంట నీరు త్రాగుతుంది. ఇక్కడ అడుగవలసిన ప్రశ్న వేరు. వేరుసెనగ కాయ ముదురుచున్న దశలో వాన ఎగగొడితే గింజకు ఆస్పర్జిల్లస్ అను బూజు పట్టి అఫ్లటాక్సిను అను విషము చేరుతుంది. 1960లో ఇంగ్లండులో వేలకొలది టర్కీకోళ్ళు చనిపోయినపుడు, దాణాలో వేసిన వేరుసెనగ పిండిలో ఈ విషము బయటపడినది. మానవులలో ఇది కాలేయ కాన్సరుకు ఒక కారణము. కుక్క కాలేయమునకు ఇది హఠాత్తుగా కీడు చేయగలదని 1950 దశాబ్దమునుండి అమెరికాలో చూచిన కేసులను బట్టి తెలిసినది. కరవు నేలపై, బూజు పట్టిన గింజల నడుమ బ్రతికే కుక్కల కాలేయములను పరీక్షించుట ఏ పచ్చికబయళ్ళ వివాదమున కన్నను ఇక్కడివారికి ఉపయోగకరము.

2012లో అమెరికాలో మోరిస్ ఏనిమల్ ఫౌండేషను వారు మూడువేలకు పైగా గోల్డెన్ రిట్రీవరు కుక్కలను చిన్నతనములోనే చేర్చుకొని, జీవితాంతము వెంటాడి చూచే పరిశోధన ప్రారంభించారు. ఏ కుక్క ఏమి తిన్నది, ఎక్కడ నిద్రించినది అన్నీ వ్రాస్తారు. హారము ముందే చేతిలో ఉన్న పరిశోధన కాబట్టి ఇది మెచ్చదగినది. కాని ఒకే జాతి, ఒకే దేశము, మంచి ఇండ్లు. ఆ జాతికి కాన్సరు హెచ్చని ముందే తెలుసు; అందుకే దానిని ఎంచుకొన్నారు. దాని ఫలితములను మందకుక్కకు అంటగట్టేవారు ఉంటారు గనుక ఈ మాట ముందే చెప్పవలసియున్నది.

ఇక ఊరకుక్కకే చెందిన కాన్సరు ఒకటున్నది. వీధులలో స్వేచ్ఛగా తిరిగే కుక్కలలో, మగ ఆడ రెండింటికిని, జననాంగములపై కోబి పువ్వు వంటి కణితి లేస్తుంది. రక్తము కారుతుంది. కుక్కలు జత కట్టినపుడు, ఒకదానినొకటి వాసన చూచినపుడు, నాకినపుడు ఇది ఒకదానినుండి మరొకదానికి అంటుకొంటుంది. అంటించేది సూక్ష్మజీవి కాదు, వైరసు కాదు. కాన్సరు కణమే సజీవముగా ఒక శరీరమునుండి మరొక శరీరమునకు దిగి, అక్కడ వేరూనుతుంది. ఒక చెట్టు కొమ్మను మరొక చెట్టుకు అంటు కట్టినట్లు.

దీని చరిత్ర కాన్సరు శాస్త్రము చరిత్రకే మొదటి అధ్యాయము. 1876లో రష్యాలో మ్స్తిస్లావ్ నొవిన్‌స్కీ అను పశువైద్యుడు ఒక కుక్క కణితి ముక్కను మరొక కుక్క శరీరములో నాటి పెంచగలిగాడు. ఒక జంతువునుండి మరొక జంతువునకు కణితిని విజయవంతముగా నాటిన తొలి ప్రయోగములలో అది ప్రసిద్ధమైనది. ఇరువదవ శతాబ్దారంభమున జర్మనీలో ఆంటన్ స్టికర్ దానిని విస్తరించాడు. అయినను కణితి దానంతటది అంటుకొంటుందంటే చాల కాలము కొందరు నమ్మలేదు. వైరసు ఏదో ఉండవలెనని వెదికారు. క్రోమోసోముల లెక్క మొదటి ఆధారమిచ్చినది. కుక్క కణములో 78 క్రోమోసోములు ఉంటాయి. ఈ కణితి కణములో సాధారణముగా 57 మొదలు 59 వరకే ఉంటాయి. వానిలో కొన్ని ఒకదానితో ఒకటి అతుకుకొనియున్నవి. ఏ దేశపు కుక్కలో చూచినను ఇంచుమించు అంతే. 2006లో లండనులో ముర్జియా, రాబిన్ వైస్, వారి సహచరులు జన్యు పరీక్షతో సంగతి తేల్చారు: కణితి జన్యువులు ఆ కణితిని మోసే కుక్క జన్యువులతో సరిపోవు, దూర దేశపు మరొక కుక్క కణితితో సరిపోతాయి. అనగా ఈ కణుతులన్నియు పూర్వము ఎన్నడో బ్రతికిన ఒక్క కుక్క శరీరమునుండి పుట్టినవి. ఆ కుక్క మరణించినది. దాని కణములు ఇంకను వీధులలో తిరుగుచున్నవి.

ఆ మూలకుక్క ఏనాటిది? 2014లో కేంబ్రిడ్జికి చెందిన ఎలిజబెత్ మర్చిసన్, సహచరులు సుమారు 11,000 సంవత్సరములని లెక్క కట్టారు. ఈ కణితిలో సుమారు 19 లక్షల జన్యు మార్పులు కనబడినవి. మానవుని కాన్సరులో సాధారణముగా ఇవి వేలలోనే ఉంటాయి. 2019లో అదే బృందమునకు చెందిన బాయెజ్-ఒర్తెగా మొదలగువారు 43 దేశములనుండి తెచ్చిన 546 కణుతులను పరిశీలించి, వయస్సు 4,000 మొదలు 8,500 సంవత్సరముల నడుమ ఉండునని, పుట్టుక ఆసియాలోనని, సుమారు 500 సంవత్సరముల క్రిందట అమెరికా ఖండమునకు ప్రాకినదని చెప్పారు. ఐదేండ్లలో అంకె ఇంత తగ్గుటను చూచి శాస్త్రజ్ఞులు తోచినది చెపుతారనుకొనరాదు. మార్పులు ఏ వేగముతో జరుగునో అనుకొని, ఉన్న మార్పుల సంఖ్యను ఆ వేగముతో భాగించి కాలమును రాబట్టుతారు. వేగము అంచనా మారినచో వయస్సు మారుతుంది. మొదటి అంకెను పెద్ద అక్షరములతో వేసిన పత్రికలు రెండవ అంకె వచ్చినపుడు అంత అక్షరములు వాడలేదు. బడిపుస్తకము వ్రాసేవారు మాత్రము రెండింటిని ప్రక్కప్రక్కన వేసి, ఎందుకు మారినదో చెప్పినచో విద్యార్థికి ఏ ఒక్క అంకె కన్నను ఎక్కువ తెలుస్తుంది. ఆ 2019 పరిశోధనలో మరియొక సంగతి ఉన్నది: భూమధ్యరేఖకు చేరువైన దేశముల కణుతులలో ఎండలోని అతినీలలోహిత కిరణముల ముద్ర హెచ్చుగా కనబడినది. శరీరమునకు వెలుపల వ్రేలాడే కణితి కాబట్టి ఎండ దానిపై వ్రాసినది.

ఇంత చక్కని శాస్త్రము కూడ పై ప్రశ్నకు పూర్తిగా జవాబు చెప్పలేదు. 2014లో స్ట్రకోవా, మర్చిసన్ 109 దేశములలోని 645 మంది పశువైద్యులను ప్రశ్నావళితో అడిగి, ఈ వ్యాధి కనీసము 90 దేశములలో స్థిరపడియున్నదని, స్వేచ్ఛగా తిరిగే కుక్కలున్నచోట ఎక్కువని తెలిపారు. బ్రిటనులో ఇరువదవ శతాబ్దములో ఇది అంతరించినది. వీధికుక్కలను అదుపులో పెట్టిన చట్టములు అందుకు కారణము కావచ్చునని వారి ఊహ. ప్రపంచ చిత్రము తెలియుటకు ఈ ప్రయత్నము అవసరమే. కాని అది వైద్యుల అంచనాల సమాహారము. ఎన్ని కుక్కలను చూస్తే ఎన్నింటికి ఉన్నదో లెక్కించినది కాదు. ఊరకుక్క కణితి కేంబ్రిడ్జి చేరినది. ఊరకుక్క హారములో చేరలేదు.

రోగనిర్ణయము సంగతి చూస్తే ఈ వైపరీత్యము మరింత తెలుస్తుంది. ఆడకుక్కకు రక్తము కనబడితే ఎద అనుకొంటారు. ముక్కునుండి రక్తము కారితే పిడుదుల వలన వచ్చే జ్వరమనుకొంటారు; ఆ జ్వరములోను రక్తము కారుతుంది గనుక తప్పు పట్టరాదు. కణితి ముక్కులో లేచినను అంతే. తేల్చుకొనుటకు కావలసినది గాజు పలక, సన్నని సూది, రంగు, సూక్ష్మదర్శిని. కణితిపై పలకను అద్ది, లేక సూదితో కొంచెము లాగి, ఆరబెట్టి, జీమ్సా రంగు వేసి చూస్తే గుండ్రని కణములు, వాని జీవపదార్థములో నీటి బుడగల వంటి ఖాళీలు వరుసగా కనబడతాయి. అనుభవము గల కంటికి కొద్ది నిమిషముల పని. సూక్ష్మదర్శిని జూనియరు కళాశాలలో కూడ ఉన్నది. చూడగల కన్ను మాత్రము తిరుపతి, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలల వంటి చోట్ల ఉన్నది.

పరిశోధన ధనము మాత్రము మరొక వైపు పరుగెత్తినది. రక్తపు చుక్కలోని జన్యు శకలములను బట్టి ఏ కాన్సరునైనను ముందే పట్టే పరీక్షపై 2022లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన వెలువడినది. కాన్సరు ఉన్న నూరు కుక్కలలో 54.7 శాతమును అది పట్టినది. కాన్సరు లేని వానిలో 98.5 శాతమును లేదని సరిగా చెప్పినది. వినడానికి రెండవ అంకె బ్రహ్మాండముగా ఉన్నది. తరగతిలో నల్లబల్లపై ఈ లెక్క వేసి చూడవచ్చును. పెద్ద ఆసుపత్రికి వచ్చిన 1,000 కుక్కలలో 300కు కాన్సరు ఉన్నదనుకొందాము. పరీక్ష 164ను పట్టుతుంది. ఆరోగ్యముగా ఉన్న 700లో 10 లేక 11ను పొరపాటుగా రోగి అంటుంది. ఫలితము వచ్చిన కుక్కలలో చాల భాగము నిజముగా రోగులే. ఇప్పుడు వీధినుండి 1,000 కుక్కలను తెచ్చినామనుకొందాము. 10కి మాత్రమే కాన్సరు ఉన్నది. పరీక్ష వానిలో 5ను పట్టుతుంది, మిగిలిన 990లో 15ను పొరపాటుగా పట్టుతుంది. ఉన్నదని వచ్చిన 20లో 15 తప్పు! పరీక్ష ఒకటే, మందు ఒకటే, యంత్రము ఒకటే. మారినది కుక్కల గుంపు. ఇట్టి పరీక్షల ప్రకటనలలో 98.5 కనబడుతుంది గాని ఈ 15 కనబడదు.

చికిత్సలో కథ ఇంటి పెరటిలోనికి వస్తుంది. కాన్సరుకు మందు అనగానే భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు తెలుగువారికి గుర్తుకు వచ్చుట సహజము. ఆయన నాయకత్వమున తయారైన అమినాప్టెరిను అను మందునే 1948లో బోస్టనులో ఫార్బర్ రక్త కాన్సరు పిల్లలపై వాడి తాత్కాలిక ఉపశమనము సాధించాడు. ఊరకుక్క కణితికి వాడే మందు మాత్రము మరొకటి. అది బిళ్ళగన్నేరు ఆకునుండి వస్తుంది. మడగాస్కరు ద్వీపమునుండి వచ్చి, నీరు లేకున్నను అనంతపురము వాకిళ్ళలో, సమాధుల ప్రక్కన పూచే ఆ మొక్కయే. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనువారు మధుమేహమునకు పనికి వచ్చునేమోనని ఆ ఆకు రసమును ఎలుకలకు ఇచ్చి చూడగా, చక్కెర తగ్గలేదు గాని రక్తములోని తెల్లకణములు తగ్గినవి. 1958లో విన్‌బ్లాస్టిను వెలువడినది. దాని సోదరి విన్‌క్రిస్టిను 1963లో వైద్యమునకు వచ్చినది. ఒక గ్రాము విన్‌క్రిస్టినుకు సుమారు అర టన్ను ఎండుటాకు కావలెను. కాబట్టి ఆకు నూరి కుక్కకు పోసిన పని జరుగదు; విషము మాత్రము తప్పదు.

విన్‌క్రిస్టిను కణవిభజనకు కావలసిన సన్నని నాళికలను కట్టుకొననీయదు. చీలబోయిన కణము సగములో ఆగి చస్తుంది. వారమునకొక సూది చొప్పున నాలుగు మొదలు ఎనిమిది వారములు ఇస్తే ఈ కణితి నూటికి 90కి పైగా కేసులలో పూర్తిగా కరగిపోతుంది. కాన్సరు వైద్యములో ఇట్టి విజయము అరుదు. కాని ఆ 90 శాతము ఎవరిది? సూదులు పూర్తిగా పడిన కుక్కలది. మందు నరములోనికే పోవలెను. బయటికి చిందినచో చర్మము, మాంసము కుళ్ళుతుంది. తెల్లకణములు తగ్గుతవి గనుక రక్తపరీక్ష అవసరము. కొన్ని దినములు కుక్క మలమూత్రములతోను మందు వెలువడుతుంది. చేతికి తొడుగు లేకుండ శుభ్రము చేయరాదు. ఇంటి కుక్కకు ఇది కష్టము కాదు. కళ్యాణదుర్గము వీధికుక్కను వరుసగా ఆరు వారములు అదే కుక్కనని గుర్తించి ఎవరు పట్టి తెస్తారు? రెండవ వారమునకే కణితి కుంచించుకుపోయి కుక్క హుషారుగా తిరుగుతుంటే, తెచ్చేవారికి ఆ పట్టుదలయు పోతుంది. మధ్యలో మానిన కుక్కలను ఫలితముల పట్టికనుండి తొలగించి, మిగిలిన వానిపై శాతము కట్టిన పరిశోధన మందు శక్తిని చెపుతుంది. ఊరిలో చికిత్స జరుగునా లేదా అన్నది చెప్పదు. ఈ రెండును వేరు వేరు ప్రశ్నలని రచయితలు వ్రాయుట మంచిది.

ఊరకుక్కకు హారము సంపాదించుట అసాధ్యమా? కాదు. మన దేశములో 2001 నియమముల క్రింద, వాని స్థానములో వచ్చిన 2023 నియమముల క్రింద, వీధికుక్కలను పట్టి, శస్త్రచికిత్స చేసి, పిచ్చికుక్క వ్యాధికి టీకా వేసి, చెవి అంచు కత్తిరించి, పట్టిన చోటనే వదలవలెను. అనగా యజమాని లేని కుక్క తప్పనిసరిగా ఒక వైద్యుని బల్లమీదికి వచ్చు సందర్భము ఒకటున్నది. బ్రాన్సన్ బల్లమీదికి రాని కుక్క ఇక్కడికి వస్తుంది. శస్త్రచికిత్స తరువాత కొన్ని దినములు అక్కడనే ఉంటుంది. ఆ కుక్క లింగము, దంతములనుబట్టి వయస్సు, జననాంగములపై గాని ముక్కులో గాని రొమ్ములో గాని గడ్డ ఉన్నదా లేదా, ఉన్నచో గాజు పలకపై అద్దిన నమూనా: రిజిస్టరులో ఇంతకు మించి గడులు అవసరము లేదు. ఈ పని శిక్షణ పొంది, టీకా వేయించుకొన్న సిబ్బందిదే గాని విద్యార్థులది కాదు. దీనికొక లోపము ఉన్నది: మనుష్యులకు మచ్చికైన కుక్కలే ముందు చిక్కుతాయి, మంద కుక్కలు చిక్కవు. ఆ లోపమును ఒప్పుకొని వ్రాసినను, వైద్యుల అంచనాల కన్న ఇది చాల మేలు. పైగా శస్త్రచికిత్స పెరిగినకొలది జత కట్టుట తగ్గి, అంటుకాన్సరు తగ్గునా అన్నది ఏటేటా పట్టికలోనే కనబడుతుంది. బ్రిటను విషయములో ఊహగా మిగిలినది ఇక్కడ కొలతకు వస్తుంది.

ఎన్ని కుక్కలను చూడవలెనన్నది కూడ లెక్కతోనే తేలుతుంది. అంటుకాన్సరు నూటికి ఒక కుక్కకు ఉన్నదనుకొన్నచో, 100 కుక్కలను మాత్రమే చూచినపుడు ఒక్కటైనను కనబడకపోవుటకు అవకాశము నూటికి సుమారు 37. అంతమాత్రమున ఊరిలో వ్యాధి లేదని వ్రాసినచో తప్పు. 1,000 కుక్కలను చూచినచో, ఒక్కటైనను కనబడకపోవుటకు అవకాశము ఇరువదివేలలో ఒక వంతుకన్న తక్కువ.